స్కాట్లాండ్‌లో అలాట్‌మెంట్ టమోటాలు, ఆరన్ దీవి సెలవు, మిగిలిపోయే పచ్చికాయలు

అమ్మా, మీ ప్రశ్న చదివాను. ఈ చలికాలం గ్లాస్గోలో మీకు అర ప్లాట్ అలాట్‌మెంట్ (కూరగాయలు పెంచుకోవడానికి అద్దెకిచ్చే నేల) దొరికింది, టమోటాలో ఏ రకం పెడితే పండుతుందో తెలియడం లేదు. ఆగస్టు రెండో వారంలో, విజయవాడ నుంచి వచ్చే అత్తమామలతో పది రోజులు ఆరన్ దీవికి వెళ్దామనుకుంటున్నారు, అప్పుడు మొక్కలు ఏమవుతాయోనని టెన్షన్. నిరుడు మీ స్నేహితురాలి ప్లాట్‌లో రెండు బకెట్ల కాయలు పచ్చిగానే మిగిలి కంపోస్ట్‌లోకి పోయాయట, మీకూ అదే జరుగుతుందేమోనని భయం.

మూడు ప్రశ్నల్లా ఉన్నా నాకు ఇది ఒకటే ప్రశ్న. ఇక్కడ టమోటాకి దొరికే కాలం చాలా తక్కువ. ఆ కాలంలో మీరు ఎప్పుడు ప్లాట్ దగ్గర ఉండాలి, ఎప్పుడు ఊరెళ్లొచ్చు, వంటింట్లోకి ఎర్రకాయ ఎంత వస్తుంది, పచ్చికాయ ఎంత వస్తుంది, ఇదంతా ఒకే క్యాలెండర్. సెలవు తేదీ మార్చుకునే వీలుంటే ఇప్పుడే మార్చుకోండి. ఆగస్టు వద్దు. జూన్ చివరి వారం గానీ జులై మొదటి వారం గానీ వెళ్లండి. ఎందుకో చెప్తాను.

మాది మదనపల్లె పక్కన పల్లె. మా నాన్న, చిన్నాన్న టమోటా పెట్టేవాళ్లు. తెల్లవారకముందే క్రేట్లు ట్రాక్టర్‌కెత్తి మార్కెట్ యార్డుకి పోవడం, ధర పలకని రోజు లోడంతా రోడ్డు పక్కన గుమ్మరించి ఉత్త చేతుల్తో రావడం చూస్తూ పెరిగాను. గ్లాస్గో శివారులో ప్లాట్ తీసుకుని నాకు పద్నాలుగేళ్లయింది. టమోటా గురించి నాకు తెలుసన్న ధైర్యంతో మొదటి రెండేళ్లు మా ఊరి పద్ధతిలోనే పెట్టాను. రెండేళ్లూ ఒక్క ఎర్రకాయ ఇంటికి రాలేదు.

మా ఊళ్లో టమోటాని ఎండ నుంచి కాపాడుకోవాలి. ఇక్కడ ఎండ కోసం కాచుకుని కూర్చోవాలి. గ్లాస్గోలో జూన్ మూడో వారంలో పగలు దాదాపు 17 గంటల 30 నిమిషాలు ఉంటుంది కాబట్టి ఆకు పెరగడానికి ఏ లోటూ ఉండదు, మొక్క కళ్ల ముందే సాగుతుంది. లోటంతా వెచ్చదనానికే. జులైలో కూడా పగటి ఉష్ణోగ్రత సగటున 19, 20 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. కాయ చక్కగా ఎరుపెక్కాలంటే 20 నుంచి 25 డిగ్రీలు కావాలి. అందుకే బయట నేలలో పెట్టిన మొక్క నిండా కాయలు వేలాడుతుంటాయి, ఒక్కటీ రంగు తిరగదు. మీ స్నేహితురాలికి జరిగింది ఇదే. ఆవిడ తప్పేమీ లేదు.

కాబట్టి గ్లాస్గోలో టమోటాకి పైన కప్పు ఉండాలి. గ్రీన్‌హౌస్ అయినా సరే, పాలీటన్నెల్ (ప్లాస్టిక్ కప్పిన సొరంగంలాంటి షెడ్డు) అయినా సరే. ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న క్లైడ్ లోయ ఒకప్పుడు టమోటాలకి పేరున్న చోటు, లానార్క్‌షైర్‌లో నది పొడవునా అద్దాల షెడ్లు ఉండేవి. అవన్నీ అద్దం కింద పండినవే. తర్వాత ఆ షెడ్లు వేడి చేసుకునే ఖర్చు తట్టుకోలేక చాలా వరకు మూతపడ్డాయి. మీరు షెడ్డుని వేడి చేయక్కర్లేదు, గాలి, వాన తగలకుండా ఉంటే చాలు. స్కాట్లాండ్‌లో పూర్తి ప్లాట్ అంటే 250 చదరపు మీటర్లు, మన లెక్కలో 300 గజాలు. మీ అర ప్లాట్ 150 గజాల ఇంటి స్థలమంత. అందులో ఆరడుగుల వెడల్పు, పదడుగుల పొడవు పాలీటన్నెల్ వేస్తే పన్నెండు మొక్కలు హాయిగా పడతాయి. వేసే ముందు మీ అలాట్‌మెంట్ కమిటీ వాళ్ల నిబంధనలు చదవండి, ఒక్కోచోట ఒక్కో కొలత దాకా ఒప్పుకుంటారు. కొత్తది కొనక్కర్లేదు, ప్లాట్ వదిలేసి వెళ్లేవాళ్లు చవగ్గా ఇస్తుంటారు, నోటీసు బోర్డు చూస్తుండండి.

ఇక రకాలు. బయట నేలలో పెట్టక తప్పదంటే చిన్న కాయల రకాలే పెట్టండి. కాయ ఎంత చిన్నదైతే అంత త్వరగా పండుతుంది. సన్‌గోల్డ్ అన్నిటికంటే ముందు రంగు తిరుగుతుంది, నారింజ రంగు కాయ, తేనెలా తియ్యగా ఉంటుంది. కానీ దానితో పప్పు చేస్తే పులుపు చాలదు, పిల్లలు కోసుకుని తినడానికి రెండు మొక్కలు చాలు. గార్డెనర్స్ డిలైట్‌లో కాస్త పులుపుంది, రసానికి బాగుంటుంది. రెడ్ అలర్ట్ పొదలా పెరుగుతుంది, కట్టె కట్టే పని లేదు. కప్పు కింద పెట్టేందుకు నా ఓటు ఎయిల్సా క్రెయిగ్‌కి. పాత స్కాటిష్ రకం, మధ్యస్థంగా గుండ్రని ఎర్రకాయ, మన నాటు టమోటాకి దగ్గరగా పులుపూ రసమూ ఉన్నది ఇక్కడ నాకు ఇదొక్కటే కనిపించింది. దానికి తెగులు తట్టుకునే శక్తి లేదు. అందుకని ప్రతి ఏడూ క్రిమ్సన్ క్రష్, మౌంటెన్ మ్యాజిక్ మొక్కలు కూడా నాలుగు పెడతాను, అవి బ్లైట్ అనే తెగుల్ని బాగా తట్టుకుంటాయి. రుచిలో ఎయిల్సా క్రెయిగ్ అంత రావు గానీ చెడ్డ ఏడాది పప్పులోకి కాయ దొరికేది వాటి దగ్గరే.

అత్తమామలు వస్తున్నారు కదా అని ఊరి నుంచి విత్తనాలు మాత్రం తెప్పించకండి. మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా టమోటా విత్తనం ఈ దేశంలోకి తేవడం చట్టవిరుద్ధం, విత్తనంతో పాటు వైరస్ తెగుళ్లు వస్తాయన్నది నిజమైన భయం. పైగా మన ఎండకి తయారుచేసిన రకాలు ఇక్కడి చలికి తట్టుకోవు.

ఇప్పుడు ఏప్రిల్ మొదటి వారం. మీరింకా విత్తనం వేయకపోతే ఈ వారమే వేయండి, ఇంతకంటే ఆలస్యం చేయొద్దు. వంటింటి కిటికీ దగ్గర 18 నుంచి 21 డిగ్రీల వెచ్చదనం ఉంటే వారం, పది రోజుల్లో మొలుస్తాయి. కిటికీ వెలుతురు ఒక పక్క నుంచే వస్తుంది కాబట్టి కుండీని రోజూ కాస్త తిప్పండి, లేకపోతే నారు సన్నగా సాగిపోతుంది. సాగితే కంగారు పడొద్దు, పెద్ద కుండీలోకి మార్చేటప్పుడు మొదటి ఆకుల దాకా మట్టిలో దించేయండి, కాండం నుంచి కొత్త వేళ్లు పుడతాయి. మే చివరి దాకా మంచు పడే భయం ఉంటుంది, టన్నెల్‌లోకి మే మధ్యలో, బయటకి జూన్ మొదటి వారంలో నాటండి.

కట్టె కట్టి పెంచే రకాలకి ఆకు చంకలో వచ్చే ప్రతి పిలకనీ వేలెడు పొడవు కాకముందే గిల్లేయాలి. కప్పు కింద అయిదారు పూగుత్తులు, బయట అయితే మూడు, మహా అయితే నాలుగు గుత్తులు రాగానే తల తుంచేయాలి. నా అనుభవంలో అందరూ జంకేది ఇక్కడే. పచ్చగా పైకి పోతున్న మొక్కని తుంచడానికి చేతులు రావు. కానీ ఆగస్టులో వచ్చే పూవు ఈ ఊళ్లో కాయై పండదు. దానికిచ్చే బలం కింది కాయలకి పోనివ్వండి.

మా అమ్మ ఇక్కడికి వచ్చిన ఏడాది టన్నెల్‌లోకి వచ్చి నేను కింది ఆకులు తెంపుతుంటే నా చెయ్యి పట్టుకుని ఆపింది. "ఆకు తీసేస్తే కాయకి ఎండదెబ్బ తగల్దా?" అంది. మా ఊళ్లో ఆకు నీడ లేని కాయ భుజాల దగ్గర తెల్లగా ఉడికినట్టయిపోతుంది, మార్కెట్‌లో ఎవరూ ముట్టరు. ఇక్కడ ఎండదెబ్బ కంటే తేమదెబ్బ ఎక్కువ. కింది గుత్తి కింద ఉన్న ఆకులన్నీ తీసేస్తేనే గాలి ఆడుతుంది. అమ్మ వారం రోజులు ఒప్పుకోలేదు. ఒక పొద్దున టన్నెల్ తెరవగానే లోపల ప్లాస్టిక్ మీంచి నీటి బొట్లు వరసగా కారడం, ఆకుల మీద పడటం చూసింది. అప్పుడు తనే కత్తెర అడిగింది.

నీళ్ల విషయంలో రెండు ముక్కలే. ఉదయం పూట, మొక్క మొదలు దగ్గర, ఆకు తడవకుండా పోయండి. ఒకరోజు కుమ్మరించి మూడు రోజులు మరిచిపోవద్దు, అలా చేస్తేనే కాయ అడుగున నల్లటి తోలు మచ్చ వస్తుంది. అది తెగులు కాదు, నీరు సమంగా అందక కాయకి కాల్షియం చేరకపోవడం. మొదటి గుత్తి కాయ కట్టాక వారానికోసారి పొటాష్ ఎక్కువగా ఉండే టమోటా ఎరువు పోస్తే చాలు.

ఇక బ్లైట్. ఆగస్టు వద్దని మొదట్లోనే అన్నది దీని వల్లే.

మూడో ఏడు నాకు మంచి పంట నిలిచింది. అప్పటికి టన్నెల్ లేదు, గోడ వారగా బయటే పద్నాలుగు మొక్కలు. ఆగస్టులో పది రోజులు ఆరన్ వెళ్లాం. వెళ్లేటప్పటికి కింది కాయలు లేత పసుపు రంగులోకి వస్తున్నాయి, తిరిగొచ్చేసరికి ఎర్రబడతాయని లెక్కేసుకున్నాను. వచ్చిన సాయంత్రమే, సంచులు కూడా దించకుండా ప్లాట్‌కి వెళ్లాను. గేటు దగ్గరికే ఒక వాసన వచ్చింది, కుళ్లిన ఆలుగడ్డ వాసన. ఆకులన్నీ వేడినీళ్లు పోసినట్టు వాలిపోయి గోధుమరంగులో ఉన్నాయి. ఒక ఆకు తిప్పి చూస్తే మచ్చ అంచు చుట్టూ సన్నటి తెల్లని బూజు. కాండం మీద చాక్లెట్ రంగు చారలు. కాయలు పైకి బాగానే ఉన్నాయి గానీ పట్టుకుంటే పక్కన గట్టిగా, గోధుమరంగు చర్మం కింద రాయిలా తగిలింది. వాటిలో ఒక్కటీ మిగల్లేదు. పక్క ప్లాట్ పెద్దాయన చెప్పారు, మేం వెళ్లిన నాలుగో రోజు నుంచి మూడు రోజులు ముసురు, గోరువెచ్చగా. అంతే చాలట.

ఆ తెగులు 1845లో ఐర్లండ్‌లో, ఆ మరుసటి ఏడు స్కాట్లాండ్ హైలాండ్స్‌లో ఆలుగడ్డని తుడిచిపెట్టి కరువు తెచ్చినదే. టమోటా, ఆలుగడ్డ ఒకే కుటుంబం, ఒకదాని నుంచి ఇంకోదానికి గాల్లో వస్తుంది. ఎప్పుడొస్తుందో లెక్క కట్టే పద్ధతి ఇప్పుడు ఉంది, హట్టన్ ప్రమాణం అంటారు. వరసగా రెండు రోజులు కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకి తగ్గకుండా ఉండి, రెండు రోజులూ కనీసం 6 గంటల చొప్పున గాలిలో తేమ 90 శాతం గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే బ్లైట్ వచ్చే అవకాశం ఉన్నట్టు. డండీ దగ్గరున్న జేమ్స్ హట్టన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 2017లో దీన్ని అమల్లోకి తెచ్చారు. మా వైపు జులై మూడో వారం తర్వాత ఇలాంటి రోజులు తరచూ వస్తాయి. అవి వచ్చినప్పుడు మీరు ఊళ్లో ఉంటే టన్నెల్ తలుపులు తెరిచి గాలాడనిస్తారు, మచ్చపడ్డ ఆకు కనిపించిన రోజే కోసి సంచిలో కట్టేస్తారు, రంగు తిరగబోయే కాయలు ముందే కోసి ఇంటికి తెస్తారు. ఊళ్లో లేకపోతే ఇవేవీ జరగవు. జులై మొదటి వారంలో అయితే మొక్కకి మీరు లేని లోటు పెద్దగా తెలియదు. నీళ్లు పోసేవాళ్లుంటే చాలు.

నీళ్ల ఏర్పాటు ఇలా చేసుకోండి. ఇప్పటి నుంచే పక్క ప్లాట్ వాళ్లతో మాట కలపండి, మే నెలలో వాళ్లు ఊరెళ్తే వాళ్ల మొక్కలకి మీరు నీళ్లు పోయండి. అలాట్‌మెంట్‌లో ఇది అలిఖిత మర్యాద. మీరు లేనప్పుడు పండిన కాయ, తయారైన బీన్స్ నీళ్లు పోసినవాళ్లు కోసుకోవచ్చని మీరే ముందుగా చెప్పండి, చెప్పకపోతే వాళ్లు ముట్టుకోరు, కాయ ముదిరిపోతుంది. వెళ్లే ముందు రోజు సాయంత్రం నేల లోతుగా తడిసేలా పోసి, మొదళ్ల చుట్టూ గడ్డి గానీ పాత కంపోస్ట్ గానీ నాలుగు వేళ్ల మందాన పరవండి. పిలకలన్నీ గిల్లేయండి. కుండీల్లో ఉన్నవాటిని ఒక మూల నీడలోకి చేర్చండి. టన్నెల్ రెండు తలుపులూ తెరిచే ఉంచి, పావురాలు రాకుండా వల కట్టండి.

ఆగస్టు టికెట్లు మార్చలేకపోతే దారి ఉంది. బయట మొక్కలు వద్దు, అన్నీ టన్నెల్‌లోనే పెట్టండి, అందులో సగం క్రిమ్సన్ క్రష్ చేయండి. బయల్దేరే ముందు రోజు రంగు కొంచెమైనా తిరిగిన ప్రతి కాయనీ కోసేయండి.

ఆరన్ గురించి అడగలేదు గానీ పెద్దవాళ్లతో వెళ్తున్నారు కాబట్టి చెప్తాను. మేం ఏడుసార్లు వెళ్లాం. ఫెర్రీ కారు టికెట్ ఈ రోజే చూడండి, వేసవిలో కారు చోట్లు నెలల ముందే నిండిపోతాయి. ఓడ ట్రూన్ రేవు నుంచి గానీ ఆర్డ్రోసన్ రేవు నుంచి గానీ ఉండొచ్చు, మీ టికెట్ మీద ఏది ఉందో రెండుసార్లు చూసుకోండి. గాలి ఎక్కువైతే ఓడ ఆగిపోతుంది, తిరుగు ప్రయాణం మర్నాడే విమానం ఉండేలా మాత్రం పెట్టుకోవద్దు. దీవి చుట్టూ రోడ్డు సుమారు 55 మైళ్లు, బస్సులు తిరుగుతుంటాయి. గోట్‌ఫెల్ శిఖరం 874 మీటర్లు. హార్స్‌లీ కొండలు దానికంటే ఎత్తే గానీ అక్కడికి బస్సు పోతుంది, ఇక్కడ సముద్రమట్టం నుంచి కాలినడకే, మామగారికి మోకాళ్ల నొప్పులుంటే వద్దు. మాక్రీ మూర్ రాతిస్తంభాలు బాగుంటాయి, దారి దాదాపు చదునుగా ఉంటుంది, నాలుగు వేల ఏళ్ల నాటి రాళ్ల మధ్య నిలబడితే మనసు నెమ్మదిస్తుంది. లామ్‌లాష్ ఎదురుగా ఉన్న హోలీ ఐల్ 1992 నుంచి టిబెటన్ బౌద్ధుల చేతిలో ఉంది, చిన్న పడవలో వెళ్లి రావచ్చు. గాలి లేని సాయంత్రాల్లో మిడ్జ్ అనే నుసి పురుగు కుడుతుంది, గాలి ఉన్న తీరాన అస్సలు రాదు, అందుకని సాయంత్రాలు సముద్రం ఒడ్డునే గడపండి.

ఉత్తరాన లోక్‌రాంజా వెళ్తే కోట చూసి వచ్చేయకండి. ఒడ్డు వెంట ఉత్తరం వైపు కొంచెం నడిస్తే, ఒక వైపుకి వాలిన పాత రాతి పొరల మీద వేరే వాలులో కొత్త పొరలు కూర్చున్న చోటు ఉంటుంది. 1787లో జేమ్స్ హట్టన్ అనే భూగర్భ శాస్త్రవేత్త అక్కడ చూసినది, భూమి వయసు మనుషులు అనుకున్నదానికంటే ఎంతో ఎక్కువన్న ఆయన వాదనకి ఒక ఆధారమైంది. ఇందాక నేను చెప్పిన బ్లైట్ లెక్క ఆయన పేరు పెట్టుకున్న సంస్థదే.

లామ్‌లాష్ మరో విధంగా కూడా మనకి పనికొచ్చే ఊరు. డోనల్డ్ మెక్‌కెల్వీ అని అక్కడి దుకాణదారు, ఆలుగడ్డ రకాలు తయారు చేశాడు, పేరుకి ముందు ఆరన్ అని ఉన్నవన్నీ ఆయనవే. మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన 1918లో ఆరన్ విక్టరీ, 1930లో ఆరన్ పైలట్. మీరు ఆలుగడ్డ పెట్టేట్టయితే ఆరన్ పైలట్ పెట్టండి, ఈ రెండు వారాల్లోనే. త్వరగా ఊరే రకం, జులైలో బ్లైట్ కాలం ముదరకముందే తవ్వేయొచ్చు. టన్నెల్‌కి దూరంగా ప్లాట్ అవతలి చివర పెట్టండి, తవ్వినప్పుడు నేలలో ఒక్క గడ్డ కూడా వదలొద్దు. మిగిలిపోయిన గడ్డలోనే తెగులు చలికాలం దాటుతుంది.

అమ్మ వచ్చిన ఏడు మేం దక్షిణం ఒడ్డున కిల్డోనన్‌లో ఇల్లు అద్దెకి తీసుకున్నాం. వంటింటి కిటికీలోంచి సముద్రం, రాళ్ల మీద పడుకున్న సీళ్లు, వాటి వెనక దూరంగా నీళ్ల మధ్య బోర్లించిన ఇడ్లీలా ఒక్క కొండ. పొయ్యి మీద కందిపప్పు కుక్కర్ మూడో విజిల్ వేస్తోంది. అమ్మ పోపుకి ఎండుమిర్చి తుంచుతూ "ఆ కొండ పేరేమి?" అంది. ఎయిల్సా క్రెయిగ్ అన్నాను. రాయి ఎంత గట్టిదంటే మంచు మీద ఆడే కర్లింగ్ ఆటకి వాడే గుండ్లు ఆ రాతితో చేస్తారు, మన టన్నెల్‌లో ఉన్న టమోటాకి కూడా దాని పేరే పెట్టారు అని చెప్పాను. అమ్మ మిరపకాయ చేతిలో పట్టుకుని కాసేపు అలాగే చూసింది. "ఇన్నేండ్లు మనం టమోటా పెట్నాం. మన ఏనుగు మల్లమ్మ కొండ పేరు ఒక్క రకానికైనా పెట్నారా ఎవురైనా?" అంది. హార్స్‌లీ కొండల అసలు పేరు అది. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ ఆ విత్తనాల ప్యాకెట్ చేతికి తీసుకున్నప్పుడల్లా ఆ మాటే గుర్తొస్తుంది.

వంట సామాన్లు ఇక్కడి నుంచే తీసుకెళ్లండి. ఓడ దిగే బ్రోడిక్‌లో కో-ఆప్ దుకాణాలున్నాయి, పాలు, పెరుగు, బియ్యం, కూరగాయలు దొరుకుతాయి. కందిపప్పు, ఇంగువ, కరివేపాకు మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు. పోపులడబ్బా, చింతపండు, ఒక కిలో పప్పు, అత్తగారికి అలవాటైన కాఫీ పొడి సర్దండి. బుక్ చేసే ముందు ఆ ఇంట్లో పొయ్యి ఏ రకమో అడగండి. ఇండక్షన్ అయితే మన అల్యూమినియం కుక్కర్ దాని మీద పనిచేయదు, స్టీల్‌ది తీసుకెళ్లాలి. మొదటిసారి మేం పప్పుని గిన్నెలో గంటన్నర ఉడికించుకున్నాం.

చివరగా పచ్చికాయలు. సెప్టెంబర్ చివర్లో మొక్కలు పీకేటప్పుడు బకెట్ల కొద్దీ మిగులుతాయి, మీరు ఎంత బాగా పెంచినా మిగులుతాయి. ఇక్కడివాళ్లు పంచదార, వెనిగర్ వేసి చట్నీ చేస్తారు. మనకి పచ్చి టమోటా ముందు నుంచీ కూరగాయే, మా ఇంట్లో ఎర్రబడేదాకా ఆగకుండా కావాలని పచ్చివి కోసుకొచ్చేవాళ్లు. కాబట్టి వాటిని ఓడిపోయిన పంటగా చూడొద్దు. ముందు ఏరండి. గోధుమరంగు మచ్చ ఉన్నవి, తెగులు పట్టిన మొక్కవి పారేయండి. ముదురాకుపచ్చ పోయి తెలుపు తిరిగినవి ఇంట్లో పండుతాయి, కాగితం సంచిలో ఒక అరటిపండుతో పాటు వేసి అల్మారాలో పెట్టండి. కిటికీ మీద ఎండలో పెట్టక్కర్లేదు, చెట్టు నుంచి కోసిన కాయకి వెలుతురు పనిలేదు, గది వెచ్చదనం చాలు. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు. రోజూ ఒకసారి చూసి, మెత్తబడినది తీసేయండి.

గట్టిగా ఉన్నవాటితో ఊరుబిండి, అంటే మా వైపు రోటి పచ్చడి, చేయండి. అరకిలో కాయలు నాలుగు ముక్కలు చేసి, ఎనిమిది పచ్చిమిర్చితో కలిపి రెండు స్పూన్ల నూనెలో మూత లేకుండా మగ్గించండి. ముందు నీరు ఊరుతుంది, తర్వాత ఆ నీరు ఇగిరి ముక్క అంచు గిన్నెకి అంటుకోవడం మొదలవుతుంది, చర్మం ముడత పడుతుంది. అప్పుడు దించండి. ముందే దించితే పచ్చివాసన వస్తుంది, పచ్చడి పలచగా జారిపోతుంది. గుప్పెడు చెనక్కాయలు వేయించి పొట్టు ఊది, జీలకర్ర, ఆరు వెల్లుల్లి రెబ్బలు, ఉప్పుతో రోట్లో దంచి, చల్లారిన ముక్కలు ఆఖర్న వేసి బరగ్గా నూరండి. మిక్సీ అయితే రెండు తిప్పులే. చింతపండు వద్దు, పచ్చికాయ పులుపే సరిపోతుంది. రాగి సంగటికి ఇంతకంటే జోడీ నాకు తెలియదు. పప్పు చేసినా చింతపండు వేయొద్దు. కాయ ముక్కలు పప్పు సగం ఉడికాక వేయండి, ముందే వేస్తే పులుపుకి పప్పు మెత్తబడదు.

ఎర్రకాయలు ఒకేసారి ఎక్కువ వస్తే నిల్వ పచ్చడి పెట్టుకోవచ్చు. మన దగ్గరలా మూడు రోజులు మేడ మీద ఎండబెట్టే ఎండ ఇక్కడ రాదు, ఓవెనే ఎండ అనుకోవాలి. కిలో కాయలకి 60 గ్రాముల ఉప్పు కలిపి ఒక రాత్రి ఊరనిచ్చి, ఊరిన నీరు వేరే తీసి, ముక్కల్ని 80 డిగ్రీల దగ్గర తలుపు కొంచెం తెరిచి ఆరేడు గంటలు ఎండబెట్టండి. ఆ నీటిలో 50 గ్రాముల చింతపండు వేసి చిక్కగా ఉడికించి, ముక్కలతో కలిపి రుబ్బి, 75 గ్రాముల కారం, వేయించి కొట్టిన ఆవ మెంతిపొడి కలిపి, నూనె పోపు చల్లారాక వేయండి. ఫ్రిజ్‌లోనే పెట్టండి, తడి స్పూను తగలనివ్వకండి.

విత్తనం వేసే సమయం దాటిపోతోందని కంగారు పడకండి. నా కిటికీలో ఎయిల్సా క్రెయిగ్ నారు ఇరవై దాకా ఉంది, నాకు కావలసింది పది. మే మొదటి ఆదివారానికి నాలుగాకుల మీద ఉంటాయి. మీకు ఆరు మొక్కలు తీసి పెడతాను, ఆలోపు టన్నెల్ సంగతి, ఫెర్రీ తేదీ చూసుకుని రాయండి.